జనవరి చివర్లో నాలుగు రోజులు: సముద్రతీరంలో ప్రకృతి చూడటానికి హైదరాబాద్ నుంచి ఎటు వెళ్లాలి?

నల్లగండ్ల అమ్మ | సోమవారం రాత్రి 9.40
అందరికీ నమస్కారం. జనవరి చివర్లో నాలుగు రోజులు సెలవు దొరికింది. ఇంట్లో ఐదుగురం: నేను, మావారు, ఎనిమిదేళ్ల పాప, మా అమ్మానాన్న. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. చదునుగా ఉంటే మాత్రం మెల్లగా ఎంత దూరమైనా నడుస్తుంది.

పోయినేడు ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి ఒక "బీచ్ రిసార్ట్" బుక్ చేసుకుని వెళ్తే, అక్కడినుంచి సముద్రం ఆరు కిలోమీటర్లు. పాప రెండు రోజులూ స్విమ్మింగ్ పూల్లోనే గడిపింది. ఆ డబ్బు పోయినందుకు కాదు నా బాధ, పిల్ల సముద్రం చూడకుండా తిరిగొచ్చినందుకు. ఈసారి దానికి పక్షులు, ఎండ్రకాయలు, మడ అడవి, వీలైతే తాబేళ్లు చూపించాలని ఉంది.

నేను రాసుకున్న ప్లాన్: మొదటి రోజు బాపట్ల దగ్గరి సూర్యలంక, రెండో రోజు కాకినాడ, మూడు, నాలుగు రోజులు విశాఖ. కుదురుతుందా?

డ్రైవింగ్ సీటు | సోమవారం రాత్రి 10.05
కుదురుతుంది కానీ మీరు చూసేది నేషనల్ హైవేనే అక్కా. బాపట్ల మనకి సుమారు 320 కిలోమీటర్లు, కాకినాడ దాదాపు 500, విశాఖ 600 దాటుతుంది. పెద్దవాళ్లతో రోజూ సామాన్లు సర్దుకుని కారెక్కడం కష్టం. ఏదో ఒక్క చోటు పట్టుకోండి.

కారులోనే వెళ్లేట్టయితే దారిలో ఒక్క మంచి చోటు చెబుతా. విజయవాడ దాటి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్తే ఆటపాక ఉంది. కొల్లేరు అంచున గూడబాతులు గూళ్లు కట్టుకునే చోటు. కొల్లేరు ఉప్పునీళ్ల సరస్సు కాదు, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీళ్ల సరస్సు. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా, రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. పొద్దున ఎనిమిదిలోపు అక్కడ ఉంటే చాలు, గంటలో చూసి బయల్దేరొచ్చు. సంక్రాంతి వారంలో మాత్రం వద్దు, పంతంగి టోల్‌గేట్ దగ్గరే సగం రోజు పోతుంది.

పక్షుల పిచ్చి | సోమవారం రాత్రి 11.20
పక్షులే ముఖ్యం అయితే నా ఓటు సూళ్లూరుపేటకి. జనవరిలో పులికాట్‌కి సాటి వచ్చేది మన తీరంలో లేదు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా మోకాలి లోతు నీళ్లు, వాటిలో రాజహంసలు. కారు దిగక్కర్లేదు, మీ అమ్మగారు కిటికీలోంచే చూడొచ్చు.

పాపకి ఒక పని చెప్పండి. రాజహంస తినేటప్పుడు తల ఎలా పెడుతుందో చూడమనండి. ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదనీళ్లు లాగి వడకడుతుంది. ఆ నాచులో, చిన్న రొయ్యల్లో ఉండే రంగే దాని రెక్కలకి గులాబీ రంగు ఇస్తుంది. అందుకే పిల్లలు బూడిద రంగులో ఉంటాయి, పెరిగేకొద్దీ రంగెక్కుతాయి.

అక్కడికి దగ్గర్లోనే నేలపట్టు. చెరువులో నీటి కడప చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతుల గూళ్లు. ఇవి చేపల కోసం పులికాట్‌కి వెళ్లి, పిల్లల కోసం తిరిగి ఇక్కడికి వస్తాయి. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకి పారితే ఎరువు అవసరం తగ్గుతుందని ఊరివాళ్లు చెబుతారు. అందుకే తరాలుగా ఆ పక్షుల జోలికి ఎవరూ పోలేదు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. అడవి శాఖ బోర్డు పెట్టకముందే ఆ ఊరు వాటిని కాపాడింది.

కెమెరా సంచి | మంగళవారం ఉదయం 7.15
పులికాట్ మీద డ్రోన్ ఎగరేస్తే రాజహంసల గుంపు భలే వస్తుంది కదా, అనుమతి ఎవరిస్తారు?

పక్షుల పిచ్చి | మంగళవారం ఉదయం 7.50
దయచేసి వద్దు తమ్ముడూ. అది సంరక్షణ కేంద్రం, పక్కనే షార్ రాకెట్ కేంద్రం. పర్మిషన్ సంగతి పక్కన పెట్టినా, డ్రోన్ శబ్దానికి గుంపంతా ఒక్కసారి లేస్తుంది. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షులు కూడా ఆ నీళ్లలో ఉంటాయి. అవి తినే టైమ్‌లో లేపితే ఆ రోజు తిండి పోయినట్టే. మన అమీన్‌పూర్ చెరువు దగ్గరే ఇది కళ్లారా చూశాను. ఫోటో కోసం ఒకాయన గట్టు దిగి నీళ్లలోకి నడిచాడు, ఆ తర్వాత వారం రోజులు ఆ మూలకి పక్షి రాలేదు.

కెమెరా సంచి | మంగళవారం ఉదయం 8.02
అర్థమైంది అన్నా. డ్రోన్ తీసుకెళ్లను.

విశాఖ ఆడపడుచు | మంగళవారం మధ్యాహ్నం 1.30
మాది భీమిలి, ఇప్పుడు మణికొండలో ఉంటాం. విశాఖ అంటే అందరూ ఆర్కే బీచ్, కైలాసగిరి అంటారు. నేనైతే ఎర్రమట్టి దిబ్బలు చూడకుండా రాకండి అంటాను. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఉంటాయి. సముద్రమట్టం ఇప్పటికంటే బాగా కిందకి ఉన్న రోజుల్లో గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్లపాటు దిబ్బలుగా పేరుకుంది. దాంట్లో ఉన్న ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాననీళ్లు కోసుకుంటూ పోయి లోయలు చేశాయి. కొన్నిచోట్ల 30 మీటర్ల ఎత్తు గోడలు. దేశంలో ఇలాంటివి తీరం పక్కన చాలా అరుదు, అందుకే భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. పిల్లల్ని దిబ్బలు ఎక్కనివ్వకండి, అది రాయి కాదు, చెయ్యి పెడితే రాలే మట్టి. నా చిన్నప్పుడు చూసిన అంచులు కొన్ని ఇప్పుడు లేవు, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

తొట్లకొండ మీదికి కారు పోతుంది, పైనుంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది, బౌద్ధారామం శిథిలాలు ఉన్నాయి. కానీ వీటికి కనీసం మూడు రోజులు కావాలి. కాకినాడతో కలిపి చేయకండి.

తీరం | మంగళవారం సాయంత్రం 6.10
ఏ ఊరు వెళ్లినా ఇది చదివి వెళ్లండి. మన హైదరాబాద్ పిల్లలు సముద్రంలో పోతున్నారన్న వార్త చూసిన ప్రతిసారీ నాకు నిద్ర పట్టదు. మా కాలేజీ బ్యాచ్‌లో ఒకడిని ఇలాగే పోగొట్టుకున్నాం.

ఒడ్డున నిలబడి ముందు ఐదు నిమిషాలు నీళ్లు చూడండి. అలలు విరిగి తెల్లగా నురగ వచ్చే చోట్ల మధ్యలో ఒక చోట అల ఉండదు, నీళ్లు నిదానంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. కొత్తవాళ్లు అదే సేఫ్ అనుకుని అక్కడ దిగుతారు. నిజానికి ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ లోపలికి తిరిగి వెళ్లే దారి అది. దాంట్లో చిక్కితే ఒడ్డు వైపు ఈదకండి, అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ దారి దాటాక అలలతో పాటు బయటికి రండి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే దూకకండి, తాడో, ఖాళీ వాటర్ క్యానో, ట్యూబో విసరండి.

పాపని మోకాలు దాటి నీళ్లలోకి పంపకండి. జాలర్లు వద్దన్న చోట అసలు దిగకండి.

గోదారి గట్టు | మంగళవారం రాత్రి 8.45
అమ్మా, నాది తాళ్లరేవు దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లుగా మల్కాజిగిరిలో ఉంటున్నా. మీరు అడిగినవన్నీ, అంటే పక్షులు, ఎండ్రకాయలు, మడ అడవి, తాబేళ్లు, మీ అమ్మగారు నడవగలిగే చదునైన దారి, ఒక్కచోటే ఉన్నది కోరంగిలో. నా ఊరు కాబట్టి చెబుతున్నానని అనుకోకండి.

కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు. 1978లో అభయారణ్యం చేశారు, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవిలోకి చెక్క వంతెన వేశారు. దాని మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకుని వేల పెన్సిళ్లు నాటినట్టు ఉంటాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి ఆ చెట్టు ఊపిరి కోసం వేళ్లని పైకి పంపుతుంది. మడ ఆకు అడుగున వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది, లోపలికి వచ్చిన ఉప్పుని అది ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. కానీ ఏది మడో గైడ్‌ని అడిగే ముట్టుకోండి. పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చిన్నప్పుడు మా నాయనమ్మ తిల్ల కట్టెని పొయ్యి దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. ఉప్పు పొన్న చెట్టుకి గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, తయారయ్యాకే నీళ్లలో పడుతుంది. నీళ్లలో నిలబడి బిడ్డని పెంచే చెట్టమ్మా అది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా, ఇది ఎవరూ చెప్పరు. కోరంగి చూడటానికి గడియారం కాదు, పోటూ పాటూ చూసుకోవాలి. పోటుకి బోటు, పాటుకి నడక. సముద్రం ఎగదన్నినప్పుడు కాలవలో నీళ్లుంటాయి, బోటు లోపలిదాకా పోతుంది. నీళ్లు దిగినప్పుడే వంతెన కింద బురద బయటపడి, ఒంటి డెక్క పెద్దగా ఉండే మగ ఎండ్రకాయలు, బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు, రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పాట్లు బలంగా ఉంటాయి, అష్టమి నవమికి మందంగా. మీ సెలవు ఏ తిథుల్లో పడిందో క్యాలెండర్ చూసి చెప్పండి.

నల్లగండ్ల అమ్మ | మంగళవారం రాత్రి 9.30
బాబాయ్ గారూ, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. పాపకి చదివి వినిపించాను, "చెట్టు ఉప్పు ఉమ్ముతుందా" అని పది సార్లు అడిగింది. మేం కాకినాడలో దిగేది పౌర్ణమికి రెండు రోజుల ముందు.

గోదారి గట్టు | మంగళవారం రాత్రి 10.00
చాలా మంచి రోజులు. పొద్దున ఏడు ప్రాంతాల్లో పోటు, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతాల్లో పాటు ఉండొచ్చు. ముందురోజు పోటు పట్టిక చూసి ఖాయం చేసుకోండి. తొమ్మిదిలోపు బోటెక్కి, పదకొండున్నరకి వంతెన మీద ఉండండి. పుష్య అమావాస్య అయితే నేనే వద్దనేవాణ్ణి. ఆ రోజు చొల్లంగి అమావాస్య, గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానాలకి జనం తండోపతండాలుగా వస్తారు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యేది అక్కడే.

బావురు పిల్లి, నీటికుక్క ఈ అడవిలో ఉన్నాయి. కనిపిస్తాయని మాత్రం పాపకి మాటివ్వకండి. బావురు పిల్లి రాత్రి తిరిగే జంతువు.

రైలుబండి | బుధవారం ఉదయం 6.50
లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేయండి, మీ ఇంటికి దగ్గర, పొద్దున్నే కాకినాడ. అమ్మానాన్నలకి కింది బెర్తులు వచ్చేలా సీనియర్ సిటిజన్ కోటాలో విడిగా టికెట్ తీయండి. తిరుగుప్రయాణం నరసాపురం నుంచి ప్లాన్ చేస్తే కోనసీమ కూడా చూసినట్టవుతుంది.

కెమెరా సంచి | బుధవారం ఉదయం 9.20
హోప్ ఐలాండ్‌లో తాబేళ్లు చూపిస్తారా?

గోదారి గట్టు | బుధవారం ఉదయం 11.10
హోప్ ఐలాండ్ పదహారు కిలోమీటర్లకి పైగా పొడుగున్న ఇసుక తిన్నె. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగింది. కాకినాడకి అది అడ్డుగోడ. అది ఇంతగా పెరగని రోజుల్లో, 1789లో, మళ్లీ 1839లో వచ్చిన ఉప్పెనలకి కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఒకప్పుడు అక్కడినుంచి ఓడలెక్కి మనవాళ్లు ఎందరో రంగూన్ వెళ్లారు, అందుకే బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. సైక్లోన్ అన్న మాట పుట్టించిన పిడింగ్టన్ కూడా ఈ కోరంగి తుఫాను గురించి రాశాడు.

తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి వంద దాకా. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగవి. టార్చి, ఫ్లాష్ పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. కాబట్టి రాత్రి మనంతట మనం వెతుక్కుంటూ వెళ్లకూడదు. అటవీశాఖవాళ్లు గుడ్లు పొదిగించే చోట్లుంటాయి, పగలు వెళ్లి అడగండి. పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూడాలంటే మాత్రం మార్చిలో రావాలి. బోట్లు ప్రతిరోజూ దీవికి పోతాయని నమ్మి వెళ్లకండి, ముందు ఫోన్ చేయండి.

నల్లగండ్ల అమ్మ | బుధవారం రాత్రి 9.15
అయితే ఖాయం: గౌతమి, కాకినాడలో రెండు రాత్రులు, కోనసీమలోని దిండిలో ఒక రాత్రి, అంతర్వేది, నరసాపురం నుంచి రైలు. విశాఖ వేరే ఏడాదికి. సూళ్లూరుపేట కూడా రాసిపెట్టుకున్నాను. వచ్చాక అన్నీ రాస్తాను.

నల్లగండ్ల అమ్మ | ఫిబ్రవరి మొదటి ఆదివారం
మాటిచ్చినట్టే రాస్తున్నాను, కొంచెం పెద్దదే.

మొదటి రోజే దెబ్బ తగిలింది. ముందుగా మాట్లాడుకున్న బండి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. కోరంగి చేరేసరికి పదిన్నర. బోటు ఎక్కించారు కానీ నీళ్లు అప్పటికే దిగిపోతున్నాయి. కాలవ సన్నబడే చోట సరంగు "ఇక ముందుకెళ్తే బురదలో కూర్చుంటాం అమ్మా" అని తిప్పేశాడు. కాలవ సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లలేదని మావారికి చాలా బాధేసింది. బాబాయ్ గారు చెప్పకపోయి ఉంటే, మమ్మల్ని మోసం చేశారని ఆ సరంగుతో గొడవ పడేవాళ్లం. అతను చేసింది సరైన పని అని మాకు తెలుసు.

ఆలస్యం నడకకి మాత్రం కలిసొచ్చింది. పన్నెండున్నరకి వంతెన మీద ఉన్నాం, కింద బురద తేటగా బయటపడింది. మొదట పది నిమిషాలు ఏమీ కనిపించలేదు, పాప "ఏవీ?" అంటోంది. మా నాన్న దాన్ని పక్కన కూర్చోబెట్టి, మాట్లాడకుండా ఒక్కచోటే చూడమన్నాడు. అంతే, ఒక కన్నంలోంచి ఒకటి, పక్కనుంచి ఇంకొకటి, చూస్తుండగానే బురదంతా ఎండ్రకాయలే. పెద్ద డెక్క ఎత్తి దించి ఎత్తి దించి, రమ్మని పిలుస్తున్నట్టు. మేం కదిలితే అన్నీ ఒక్కసారి మాయం. అలా ముప్పావుగంట కూర్చున్నాం. అమ్మ చివరిదాకా నడిచింది, దారిలో కూర్చోవడానికి మేమే చిన్న మడత కుర్చీ పట్టుకెళ్లాం. అందరూ అది తీసుకెళ్లండి. దోమల మందు కూడా.

ఆకు ఉప్పు రుచి చూశాం. గైడ్ చూపించాకే.

రెండో రోజు పొద్దున ఉప్పాడ. సముద్రం రోడ్డుని కోసేసిన చోట నిలబడితే, ఇళ్ల గోడలు సగం సగం నీళ్లలోకి ఒరిగి ఉన్నాయి. అక్కడుండే ఒక పెద్దావిడ "మా పాత ఇల్లు అదిగో, అల విరిగే చోటుండేది" అని చేత్తో చూపించింది. ఆ మాట విన్నాక ఫోటోలు తీయాలనిపించలేదు. ఇంకాస్త ముందుకి నడిస్తే చచ్చిపోయిన తాబేలు ఒకటి ఒడ్డున పడి ఉంది. పాప ఏడ్చింది. వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతుంటాయని అక్కడి జాలరి ఒకాయన చెప్పాడు. తాబేలు కూడా ఊపిరి కోసం నీళ్ల పైకి రావాలి కదా అని పాపకి వివరంగా చెప్పాను. దాచాలనిపించలేదు. రాత్రి అది తన పుస్తకంలో ఆ తాబేలునే గీసింది.

దిండిలో కొబ్బరి తోటల మధ్య గోదావరి పాయ. రోజంతా ఏమీ చేయలేదు, అమ్మానాన్న గట్టు మీద కూర్చుని తెడ్లపడవలు చూశారు, అంతే. ఈ రోజు గురించి ఇంతకంటే రాయడానికి లేదు కానీ అమ్మకి అన్నిటికంటే నచ్చింది ఇదే.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదారి నీళ్ల రంగూ సముద్రం రంగూ కలవకుండా కాసేపు పక్కపక్కనే నడుస్తాయి. తీరం గారు చెప్పినట్టు ఐదు నిమిషాలు నీళ్లు చూశాం. ఆ మొగ దగ్గర లాగుడు చూస్తే భయమేసింది, ఎవరం దిగలేదు. సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు) ఎక్కి గోదారి దాటి నరసాపురం చేరాం. కార్లు, బైకులు, గడ్డిమోపులు, మేమూ ఒకే పంటు మీద.

తీరం | ఆదివారం మధ్యాహ్నం 3.20
దిగకుండా చూసి వచ్చామన్న మాట చదివి మనసు తేలికపడింది అండీ. థాంక్యూ.

పక్షుల పిచ్చి | ఆదివారం సాయంత్రం 5.00
పక్షుల సంగతి రాయలేదేంటక్కా?

నల్లగండ్ల అమ్మ | ఆదివారం సాయంత్రం 5.45
అయ్యో, మర్చిపోయాను. కోరంగి కాలవ మీద లకుముకి పిట్టలు మూడు రకాలు చూశాం. కాకినాడ తీరం బురదలో సన్న కాళ్ల పిట్టలు వందల్లో ఉన్నాయి, పేర్లు తెలియలేదు. ఫోటోలు పెడతాను, మీరే చెప్పాలి.

గోదారి గట్టు | ఆదివారం రాత్రి 9.00
ఆ పెద్దావిడ చూపించిన వైపు మా మేనత్త ఇల్లు కూడా ఉండేదమ్మా. రెండుసార్లు వెనక్కి జరిగి కట్టుకున్నారు.

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఎండ్రకాయల్ని అలాగే చూడాలి, మా ఊళ్లో మాకూ అలాగే నేర్పారు. పాప గీసిన తాబేలు బొమ్మ ఇక్కడ పెట్టగలరా? వచ్చే నెల ఊరెళ్తున్నాను, తాబేలు గుడ్లు కాసే కుర్రాళ్లకి చూపిస్తాను.

నల్లగండ్ల అమ్మ | ఆదివారం రాత్రి 9.25
తప్పకుండా బాబాయ్ గారూ. రంగులు వేయడం ఇంకా కాలేదట, రేపు స్కూల్ నుంచి వచ్చాక పూర్తి చేసి ఇస్తానంది.